దేవమాలి దారికి తగిన సీటు: ఒక ప్రాజెక్టు డైరీ

నవంబరు, వలిసె పూల రోజులు

పనేమిటో ముందే రాసి పెట్టుకుంటున్నాను, మధ్యలో దారి తప్పకుండా. చలి తగ్గేలోపు మా ఊరు సెమిలిగుడ నుంచి దేవమాలి పైదాకా సైకిల్ మీద వెళ్లి రావాలి. దేవమాలి 1672 మీటర్లు. ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. పైదాకా బండ్లు తిరిగే రోడ్డుంది. మేముండేదే 900 మీటర్ల ఎత్తున కాబట్టి ఎక్కాల్సింది మిగతాదే. కాళ్ల మీదా ఊపిరి మీదా నాకు నమ్మకముంది. సీటు మీదే లేదు.

సైకిల్ సునాబెడ టౌన్‌షిప్‌లో బదిలీ అయి వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర కొన్నాను. 27.5 అంగుళాల చక్రాలు, ముందు సస్పెన్షన్, వెనక ఏమీ లేదు. గేర్లు బాగా పడుతున్నాయి, బ్రేకులు గట్టిగా ఉన్నాయి. సీటు మాత్రం సన్నగా, పొడవాటి ముక్కుతో ఉంది. తారు రోడ్డు మీద కోరాపుట్ వైపు వెళ్లొచ్చినంతసేపూ ఏదోలా సర్దుకున్నాను. వలిసె చేల పక్కనుంచి ఎర్ర గరుసు దారిలోకి దిగేసరికి అసలు సంగతి బయటపడింది. ఇక్కడి మట్టిలో గుండ్రటి చిన్న చిన్న ఎర్ర రాళ్లు ఉంటాయి. వాటి మీద వెళ్తుంటే సైకిల్ ఆపకుండా వణుకుతుంది. ఆ వణుకంతా సీటు ముక్కు మీంచి నేరుగా కాళ్ల మధ్య ముందు భాగానికి వస్తుంది. గంట దాటేసరికి అక్కడ తిమ్మిరి. దిగి నిలబడ్డాక కూడా కాసేపు స్పర్శ లేదు. సాయంత్రం బాత్రూంకి వెళ్తే మంట.

మెకానిక్‌ది సాలూరు. ఇక్కడికొచ్చి స్థిరపడి చాలా ఏళ్లయింది. మంచి పనివాడు. "సీటు గట్టిగా ఉందండీ" అన్నాను, అంతకంటే వివరంగా చెప్పడానికి నోరు రాక. ఆయన బొటనవేలితో నొక్కి చూశాడు. "కొత్తలో అలాగే ఉంటాదమ్మా. నాల్రోజులు తొక్కితే అలవాటైపోద్ది" అన్నాడు.

ఇంటికొచ్చి వదినకి చెప్పాను. వదిన టైలరు. మా వీధి గదిలోనే ఆవిడ మిషను. సూదిలో దారం ఎక్కిస్తూనే, "చెప్పు కరిస్తే చెప్పు మారుస్తాం గానీ, పుండు అలవాటయ్యేదాకా తిరుగుతామేటి?" అంది. పిల్లాడు హాస్టల్‌కి వెళ్లిపోయాక వాడి సైకిల్ వసారాలో ఊరికే పడుంది. దాని మీద ఆవిడకీ మనసుంది. అలా ప్రాజెక్టులో ఇద్దరమయ్యాం.

అదే వారం, అట్టముక్క మీద కొలత

సీటు సంగతి కొంత చదివి, కొంత తెలిసినవాళ్లని అడిగి ఒక మాట ఖాయం చేసుకున్నాను. సైకిల్ సీటు మీద బరువు మోయాల్సింది కండ కాదు, ఎముక. గట్టి అరుగు మీద కూర్చుని అటూ ఇటూ ఊగితే పిరుదుల కింద రెండు ఎముకలు నేలకు తగులుతాయి. కటి ఎముకకి అడుగు కొసలవి. సీటు వెనక భాగం ఈ రెంటినీ పట్టుకోవాలి. సీటు సన్నగా ఉంటే ఎముకలు అంచు దాటి కిందకి జారతాయి. అప్పుడు బరువంతా మధ్యలో మెత్తటి చోట పడుతుంది. నరాలూ రక్తనాళాలూ ఉన్నది అక్కడే. తిమ్మిరి అంటే అవి నలుగుతున్నాయని. దానికి అలవాటు పడేదేమీ లేదు.

ఆడవాళ్ల కటి సగటున మగవాళ్లకంటే వెడల్పు. ముందు వైపు ఎముకలు కలిసే కోణం కూడా విశాలం. ఆడవాళ్ల సీట్లు వెనక వెడల్పుగా, ముక్కు పొట్టిగా చేసేది అందుకే. అయితే సగటు సగటే. మన ఒక్కరి లెక్క మనమే తేల్చుకోవాలి.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పార్సిల్ డబ్బా అట్ట, లోపల అలలు అలలుగా ఉండేది, ఒక ముక్క కోసి సిమెంటు మెట్టు మీద పరిచాం. పల్చటి బట్టతో దాని మీద కూర్చుని, వీపు కొంచెం ముందుకు వంచి, మడమలు పైకెత్తి, చేతులతో మెట్టు అంచు పట్టుకుని కిందకి గట్టిగా అదిమాలి. లేచి చూస్తే అట్టలో గుంటలు పడతాయి. మాకు మొదట సరిగ్గా కనపడలేదు. వదిన లోపలికెళ్లి బట్టల మీద గీతలు గీసే సుద్దబిళ్ల తెచ్చింది. దాన్ని పడుకోబెట్టి అట్టంతా తేలిగ్గా రుద్దింది. చుట్టూ నీలం అంటుకుంది, పల్లమైన రెండు చోట్ల మాత్రం అట్ట రంగే మిగిలింది. కోడిగుడ్డంత పొడవున రెండు మచ్చలు, కొంచెం ఏటవాలుగా. ఒక్కో మచ్చ మధ్యలో చుక్క పెట్టి, చుక్క నుంచి చుక్కకి టేపుతో కొలిచాం.

నాది 13.5 సెంటీమీటర్లు. వదినది 11.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఇద్దరిలో బక్కపల్చటి మనిషిని నేను. నా పంజాబీ డ్రెస్సు ఆవిడకి భుజం కూడా దాటదు. వదిన ఒప్పుకోలేదు. టేపు తిప్పి కొలిచింది, అట్ట మార్చి కూర్చుంది. అంకె మారలేదు. ఒంటి లావుకీ ఎముకల మధ్య దూరానికీ సంబంధం లేదన్నమాట. సైకిల్ షాపుల్లో మనిషిని పైనుంచి కిందకి చూసి సీటు తీసిచ్చే పద్ధతికి ఇక్కడే నా నమస్కారం.

సీటు వెడల్పు ఈ అంకె కంటే ఎక్కువుండాలి. ఎంత ఎక్కువన్నది మనం వంగి కూర్చునే తీరును బట్టి. నిటారుగా కూర్చుంటే 4 సెంటీమీటర్ల దాకా కలుపుతారు. కొండ సైకిల్ మీద మధ్యస్థంగా వంగుతాం కాబట్టి 2 చాలు. వంగేకొద్దీ ఎందుకు తగ్గుతుందంటే, ఆ రెండు ఎముకలూ ముందుకు పోయేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి. ముందుకు వాలితే ఆ దగ్గరైన చోటే సీటుకి తగులుతుంది. నాకు 15.5, వదినకి 13.

నా సైకిల్‌కి వచ్చిన సీటు వెడల్పు కొలిస్తే సరిగ్గా 13. వెంటనే స్పానర్లు తీశాం. వదిన పిల్లాడి సైకిల్‌కి దాన్ని బిగించాం. డబ్బా మీద మగవాళ్లదని ఉండే రకం సీటు అది. ఆవిడ సంత వీధి దాకా వెళ్లొచ్చి, "ఎముకల కింద బానే ఉంది, ముందే కొంచెం నొక్కుతోంది" అంది. ముక్కు కొద్దిగా కిందకి వంచితే అదీ పోయింది. వదిన సీటు పైసా ఖర్చు లేకుండా కుదిరింది. నా సైకిల్‌కి మాత్రం ఇప్పుడు సీటే లేదు.

నవంబరు చివర, స్ప్రింగుల సీటు

మెకానిక్ దగ్గర పాత లేడీస్ సీటు ఉంటే అడిగి తెచ్చాను. కొనలేదు, చూసి ఇస్తానన్నాను. 21 సెంటీమీటర్ల వెడల్పు, కింద రెండు లావాటి స్ప్రింగులు, పైన మెత్తటి రెక్సిన్. బజారులో కూరగాయలు తెచ్చుకోవడానికి నిటారుగా కూర్చుని వెళ్తే అంత హాయి ఇంకోటి లేదు. దాని పని అదే, ఆ పనికి అది మంచిదే.

పొట్టంగి వైపు ఎత్తు మొదలవగానే దాని రంగు బయటపడింది. పెడలు తొక్కిన ప్రతిసారీ తొడ లోపలి భాగం సీటు రెక్కకి రాసుకుంటుంది. స్ప్రింగు కిందకీ మీదకీ ఆడుతుంటే కాలి బలంలో కొంత అందులోకే పోతుంది. దిగేటప్పుడు ఇంకో తంటా. దిగుడులో పెడళ్లు రెండూ సమంగా పెట్టి లేచి నిలబడి, నడుము సీటు వెనక్కి తీసుకెళ్లాలి. బరువు ముందు చక్రం మీద పడకూడదు. ఇంత వెడల్పు సీటు దాటి వెనక్కి వెళ్లడమే కష్టం, వెళ్లినా తిరిగి ముందుకు వచ్చేటప్పుడు ప్యాంటు దాని అంచుకి తగులుకుంటుంది. రాళ్ల మధ్య అలా తగులుకుంటే పడిపోవడమే.

దాని మీద వేసే జెల్ కవరు కూడా బజారులో దొరికితే తెచ్చి చూశాం. రెండు మాటలు చాలు. వేలితో నొక్కితే ఎంతో బావుంటుంది. కూర్చున్నాక ఎముకలు అందులో దిగబడి, మధ్యలో జెల్ పైకి ఉబ్బి, ఏ చోటైతే ఖాళీగా ఉండాలో అక్కడే నొక్కుతుంది. పైగా తొక్కుతుంటే పక్కకి జరుగుతుంది. మెత్తగా ఉన్నదల్లా సుఖం కాదని షాపులో రెండు నిమిషాలు నొక్కి చూస్తే తెలీదు, రెండు గంటలు తొక్కితే తెలుస్తుంది.

డిసెంబరు, వదిన చెప్పిన కుట్ల సంగతి

సీటు వెతుకుతుండగానే వదిన ఇంకో వైపు నుంచి వచ్చింది. ఒకరోజు నేను తొక్కి వచ్చిన జీన్స్ ప్యాంటు తిరగేసి పట్టుకుని, "ఇదిగో చూడు" అంది. రెండు కాళ్ల లోపలి కుట్లు, ముందు కుట్టు, వెనక కుట్టు నాలుగూ వచ్చి ఒకే చోట కలుస్తున్నాయి. గుడ్డ మీద గుడ్డ మడతపడి అక్కడ పిక్క కట్టినట్టు ముద్దగా ఉంది. ఆ ముద్ద వచ్చేది సరిగ్గా సీటు మధ్యలోకే. సల్వారులో కాళ్ల మధ్య మియానీ అనే అతుకు గుడ్డ వేస్తాం కాబట్టి అంత ముద్ద ఉండదు గానీ దాని కుట్లు కూడా నాలుగు వైపులా ఉండేవే.

సైకిల్ తొక్కేవాళ్ల కోసం ప్యాడ్ ఉన్న షార్ట్స్ అమ్ముతారు. ఆడవాళ్లవి ఒకటి తెప్పించాం. వదిన దాన్ని వేసుకునే ముందు పావుగంట చదివింది, పుస్తకం చదివినట్టు. ప్యాడ్ మధ్యలో కుట్టు లేదు. ఎముకలు వచ్చే రెండు చోట్ల దళసరిగా, మధ్యలో పల్చగా ఉంది. పక్క కుట్లు అడ్డంగా పరిచి వేశారు కాబట్టి చర్మానికి అంచు తగలదు. దీన్ని లోదుస్తులు లేకుండా వేసుకోవాలి, లేదంటే లోదుస్తుల కుట్టే మళ్లీ కింద పడుతుంది, చెమట కూడా నిలుస్తుంది. ఈ ముక్క చాలామందికి ఎవరూ చెప్పరు. తొక్కి రాగానే విప్పేసి, ఆ పూటే ఉతికి, ఎండలో ఆరేయాలి. తడి షార్ట్స్‌తో కూర్చుని టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటే మర్నాటికి కురుపులు.

మన ఊళ్లో అది ఒక్కటే వేసుకుని రోడ్డెక్కడం కుదరదు. దాని పైన వదులు ట్రాక్ ప్యాంటు వేసుకుంటున్నాం. కుడికాలి అంచు చైనులో పడకుండా ఎలాస్టిక్ కుట్టింది వదిన. తీగ మీద ఆరేసినప్పుడు మా మామ్మ వచ్చి ప్యాడ్ నొక్కి చూసి, "ఈ దిండేటే లోపల?" అని అడిగింది. చెప్పాం. కాసేపు ఆలోచించి, "మా రోజుల్లో బండెక్కి సాలూరు వెళ్లొస్తే వారం కూర్చోలేకపోయేవాళ్లం, అప్పుడు లేకపోయింది" అంది.

డిసెంబరు మూడో వారం, సీటు వచ్చింది

వెడల్పు తెలిశాక కొనడం తేలికైంది. చాలా సీట్ల మీద అసలు వెడల్పు రాయరు, "లేడీస్" అనో "కంఫర్ట్" అనో రాస్తారు. అంకె రాసేవాళ్లవే చూడాలి. స్పెషలైజ్డ్ అనే కంపెనీవి 143, 155, 168 మిల్లీమీటర్ల వెడల్పుల్లో వస్తాయి. ఎస్‌క్యూల్యాబ్ అనే జర్మనీ కంపెనీ అయితే సెంటీమీటరు సెంటీమీటరు తేడాతో చేస్తుంది. వాటి ధరలు చూసి దండం పెట్టి, 155 అంకె ఉన్న మామూలు సీటు ఒకటి తెప్పించాను. మధ్యలో పొడవునా చీలిక, ముక్కు పొట్టి, వెనక అంచులు గుండ్రం, పక్కన గీసుకుపోని గట్టి గుడ్డ. నొక్కితే గట్టిగానే ఉంది. మెకానిక్ చూసి, "దీనికంటే పాతదే మెత్తగా ఉందమ్మా" అన్నాడు.

మధ్యలో చీలిక ఈమధ్య పుట్టిన తెలివని అనుకునేదాన్ని. కాదట. 1890ల్లో అమెరికా, ఇంగ్లండుల్లో ఆడవాళ్లు సైకిళ్లెక్కడం మొదలుపెట్టగానే డాక్టర్లు గోల పెడితే, మధ్యలో ఖాళీ వదిలిన సీట్లు "ఆరోగ్యకరం" అని పేరు పెట్టి అమ్మారు. ఆ డాక్టర్ల బెంగ ఆడవాళ్ల సుఖం గురించి కంటే వాళ్ల నడవడి గురించే ఎక్కువ. తర్వాత ఆ సంగతే మరుగున పడింది. 1985లో జార్జీనా టెర్రీ అనే అమెరికా ఇంజినీరు ఆడవాళ్ల కొలతలకే సైకిళ్లు చేసే కంపెనీ పెట్టింది. సీట్లూ ఆ దారిలోనే వచ్చాయి.

బిగింపు దగ్గర ఒక పూటంతా పోయింది. ఇదే నాకు అన్నిటికంటే నచ్చిన పూట, అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదట ఎత్తు. గోడకి ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబడి, కాళ్ల మధ్య అట్టపుస్తకం పైకి గట్టిగా నొక్కి పెట్టి, పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలవాలి. వదిన టైలరు అలవాటు కొద్దీ టేపు వదులుగా పట్టుకుంది. ప్యాంటుకైతే అదే సరి, ఇక్కడ ఎముకకి తగిలేదాకా నొక్కాలి. 74 వచ్చింది. దాన్ని 0.883తో గుణిస్తే 65.3. పెడళ్ల కడ్డీలు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా, సీటు పైపు వెంట, అంత దూరం ఉండాలన్నది రోడ్డు రేసులవాళ్ల లెక్క. కొండ సైకిల్‌కి ఒక సెంటీమీటరు తగ్గించుకుంటే మేలు. లెక్క వద్దనుకుంటే, సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెట్టి కిందదాకా తొక్కితే మోకాలు నిటారు కావాలి. మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు అదే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు ఎక్కువ ఎత్తుంటే నడుము అటూ ఇటూ ఊగి రాపిడి పుడుతుంది, మోకాలి వెనక లాగుతుంది. తక్కువుంటే మోకాలి ముందు నొప్పి. పైపు మీద కనీసం ఎంత లోపల ఉండాలో గీత ఉంటుంది, అది పైకి కనపడకూడదు. పైపుకి గ్రీజు రాసి దించాం, లేకపోతే వర్షాలకి పట్టేసుకుంటుంది.

తర్వాత వాలు. ఇక్కడే సీటుని పైపుకి పట్టి ఉంచే క్లాంపు ఏడిపించింది. ఒక్క బోల్టు రకం. లోపల రెండు పళ్ల బిళ్లలు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. ఒక పన్ను ఇటు వేస్తే ముక్కు ఆకాశం చూస్తోంది, ఒక పన్ను అటు వేస్తే నేల చూస్తోంది. మధ్యలో నాకు కావాల్సింది లేదు. ఫోన్‌లో లెవెల్ చూసే యాప్ పెట్టి, సీటు మీద పొడవాటి స్కేలు వేసి, దాని మీద ఫోన్ పెట్టి చూశాం. ఒక పన్నుకి నాలుగు డిగ్రీల పైనే తేడా. చివరికి మెకానిక్ దగ్గర రెండు బోల్టుల పైపు దొరికింది. సైకిల్ ఫ్రేములో పట్టే మందం చూసుకునే కొనాలి. 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్లు ఎక్కువగా కనపడేవి, పైపు కింది భాగంలోనే చెక్కి ఉంటుంది. రెండు బోల్టులైతే ముందుది వదులు చేసి వెనకది బిగిస్తే ముక్కు కొద్దికొద్దిగా లేస్తుంది, తిప్పి చేస్తే దిగుతుంది. ముక్కు 2 డిగ్రీలు కిందకి పెట్టాను.

సమంగా ఎందుకు కాదంటే, మా దారులన్నీ ఎత్తులే. వంద మీటర్లకి పది మీటర్లు లేచే ఎత్తులో సైకిల్ దాదాపు 6 డిగ్రీలు వెనక్కి వాలుతుంది. ఇంట్లో సమంగా ఉన్న సీటు అక్కడ ముక్కు పైకెత్తి మీదకొస్తుంది. అలాగని మరీ కిందకి వంచితే మనమే ముందుకి జారి, చేతుల మీద బరువు పడి మణికట్లు లాగేస్తాయి.

ముందుకీ వెనక్కీ జరిపేది చివర చూశాం. కింద పట్టాల మీద గీతలుంటాయి, వాటి మధ్యలోనే బిగించాం.

సంక్రాంతి ముందు, హ్యాండిల్ వైపు

ఎముకల నొప్పి మొదటి కొన్నాళ్లు ఉంది, తర్వాత తగ్గిపోయింది. అది ఉండేదే, కొత్త చెప్పుల్లాగా కాదు, కొత్త పనికి కండ మేల్కొన్నట్టు. తిమ్మిరి మాత్రం చాలా తగ్గిందిగానీ పూర్తిగా పోలేదు. ఎత్తెక్కేటప్పుడు మళ్లీ మొదలవుతోంది.

వదిన వెనకాలే తొక్కుతూ కనిపెట్టింది. "నువ్వు సీటు మీద లేవు, సీటు ముందున్నావు. చేతులు అందక జరుగుతున్నావు" అంది. ఫోటో తీసి చూపించింది. నిజమే, ఎముకలు వెడల్పు చోటు వదిలేసి సన్నటి ముక్కు మీదున్నాయి. సైకిల్ ఇచ్చినాయన నాకంటే చాలా పొడుగు. హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్ 90 మిల్లీమీటర్లది. 60ది మార్చాం. సీటుని ముందుకి తోసి సరిచేయొచ్చు కదా అంటే, అప్పుడు పెడళ్లకి కాళ్లు ఉండాల్సిన చోటు చెడుతుంది. చేతుల సమస్య చేతుల వైపే తీర్చాలి.

స్టెమ్ బిగించేటప్పుడు ముందు పైమూత బోల్టు, తర్వాతే పక్క బోల్టులు. పక్కవి ముందు బిగిస్తే పైది ఎంత తిప్పినా పని చేయదు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు లోపల లొడలొడలాడుతుంది. పొట్టి స్టెమ్ వల్ల హ్యాండిల్ కొంచెం చురుగ్గా తిరుగుతోంది. కుందులి సంత దారిలో రెండు మలుపులు తిరిగేసరికి చేతికి వచ్చేసింది. తిమ్మిరి లేదు.

జనవరి చివర, గోళ్ల రంగు గీతలు

దిగుడుకి సీటు కిందకి ఉండాలి. మీట నొక్కగానే సీటు దిగే డ్రాపర్ పోస్టులు ఉన్నాయి, మా బడ్జెట్‌లో లేవు. ఫ్రేము దగ్గర చేత్తో తిప్పే క్విక్ రిలీజ్ ఉంది కాబట్టి అదే వాడుతున్నాం. ఎత్తెక్కే ఎత్తు దగ్గర పైపు మీద ఎర్ర గోళ్ల రంగుతో ఒక గీత, దానికి అయిదు సెంటీమీటర్ల పైన ఇంకో గీత. దిగేముందు ఆగి, పై గీత ఫ్రేము అంచుకి వచ్చేదాకా సీటు దించడమే. మళ్లీ ఎక్కేటప్పుడు కింద గీత. ముక్కు తిన్నగా ఉందో లేదో ఫ్రేము పైగొట్టంతో చూసుకుంటే చాలు. రంగు పొడి గుడ్డకి పోదు, మా ఆడపడుచు వాడేది మంచి రంగే.

ఫిబ్రవరి, దేవమాలి

వెళ్లొచ్చాం, ఇద్దరం. తెల్లారగట్ల బయల్దేరాం. మంచుకి చేతి వేళ్లు బ్రేకు మీద బిగుసుకుపోయాయి. కింది ఊళ్లలో చోళ్లు కోసేసిన చేలు ఖాళీగా ఉన్నాయి. పైన చెట్లుండవు, గడ్డి కొండలే, గాలి ఒకటే హోరు. నిటారు మలుపుల్లో దిగి తోశాం, అందులో నామోషీ ఏమీ లేదు. ప్రతి మలుపుకీ ఒకసారి పెడళ్ల మీద లేచి నిలబడ్డాం. ఎంత మంచి సీటైనా రక్తం ఆడడానికి అలా లేవాల్సిందే. జీపుల్లో వచ్చిన కుర్రాళ్లు ఒడియాలో "దిదీ, బ్యాటరీ సైకిలా?" అని అడిగారు. వదిన తొడ మీద కొట్టి చూపించింది.

దిగేటప్పుడు గరుసు దారి మీద అదే పాత వణుకు. కానీ లేచి నిలబడి ఉన్నాం కాబట్టి అది మోకాళ్లలోనూ మోచేతుల్లోనూ ఆగిపోయింది. ఇంటికొచ్చాక తొడలు పీకాయి, వీపు లాగింది. ముందు భాగంలో తిమ్మిరీ లేదు, మంటా లేదు. వదినకి కుడి పక్క చిన్న రాపిడి. అది సీటుది కాదు, ట్రాక్ ప్యాంటు లోపలి కుట్టుది. రాత్రే విప్పి ఆ కుట్టుని పరిచి వేసుకుంది.

మార్చి, వానలకి ముందు

మిగిలింది ఒక పని. దారి పక్కన పైపు పగిలి బురదైన చోట తొక్కితే, వెనక చక్రం ఎగజిమ్మిన ఎర్రమట్టి నా సీటు చీలికలోంచి నేరుగా పైకొచ్చింది. జూన్ తర్వాత ఇక్కడ దారులన్నీ ఆ బురదే. చీలిక ఉన్న సీట్లకి ఈ లోపం ఉందని ఏ డబ్బా మీదా రాయరు. పాత ప్లాస్టిక్ ఫైలు అట్టని నాలుక ఆకారంలో కోసి, సీటు కింద పట్టాల మధ్య దూర్చి, రెండు ప్లాస్టిక్ టైలతో కట్టాను. పంపు కింద చక్రం తిప్పి చూశాం. నీళ్లు అట్టకి తగిలి పక్కలకి పోతున్నాయి, పైకి చుక్క రాలేదు. వదిన సీటుకి చీలిక లేదు గానీ వీపు మీద చార పడుతోంది కాబట్టి తనకీ ఒకటి కావాలంది. ఇంకో ఫైలు దొరకాలి, కొంచెం పొడుగ్గా కోయాలి.

ఎదురింటి టీచరమ్మ కూడా సైకిల్ తీస్తానంటోంది. ఆదివారం అట్టముక్క, సుద్దబిళ్ల పట్టుకుని రమ్మంది.